రాగిరేకు మీద నేను చదవని మాట

అబద్ధాలు ఆడని మనిషినని చెప్పుకునే రకాన్ని కాను నేను. చాలా ఆడాను. కాలేజీ ఎగ్గొట్టి తుంగభద్ర ఒడ్డున కూర్చుని, ఒంట్లో బాగాలేదని ఇంటికి ఉత్తరాలు రాశాను. ముద్ద దిగని వంటను బ్రహ్మాండమని మెచ్చుకుని, ఆ పాపానికి ముప్పై ఏళ్లు అదే వంట తిన్నాను. వాటివల్ల ఎవరి కొంపా మునగలేదు. మునిగింది ఒక్కసారే. అదీ నేను అబద్ధం ఆడినందుకు కాదు, సగం నిజం చెప్పినందుకు. రాజధాని కర్నూలుకు వచ్చిన రెండో ఏడు, చలికాలం చివర, మా తాలూకా ఆఫీసు ముందు వేసిన పందిరి కింద ఆ మాట చెప్పాను. ఇన్నేళ్లయినా అది గొంతులో ముల్లులా అలాగే ఉంది.

మా ఊరు నల్లమల అంచున ఉంది. ఊరి పొలాలు అయిపోయిన చోట అడవి మొదలవుతుంది. నల్లరేగడి కొంచెం, గరపనేల ఎక్కువ. వాన పడితే జొన్న, కొర్ర, పడకపోతే మబ్బుల వంక చూస్తూ కూర్చోవడం. ఆ అడవిలోకి ఎక్కే కాలిబాట ఒకటి ఉండేది. రెండు రోజులు నడిస్తే కొండమీది శివుడి గుడి. శివరాత్రికి కర్నూలు వైపు జనం, కడప వైపు జనం ఆ బాటనే పోయేవాళ్లు. బాట మొదట్లో రెండు పెద్ద బండల మధ్య నీటి ఊట ఉంది. ఆ ఊట పక్కన చెంచుల గూడెం ఉండేది. మొత్తం ఎనిమిది గుడిసెలు.

ఆ బాటకు కాపలా ఆ చెంచులదే. యాత్రికులు వచ్చి బండల దగ్గర కూర్చోవాలి. గుంపు కుదిరాక ముందు ఒక చెంచు, వెనుక ఒక చెంచు విల్లంబులు పట్టుకుని నడుస్తారు. నీళ్లున్న చోట ఆపుతారు. ఎలుగుబంటి తిరిగే చోట మాట్లాడొద్దని సైగ చేస్తారు. ముసలివాళ్లకు వెదురు కోసి ఊతకర్ర చేసిస్తారు. అందుకు ఒక్కో యాత్రికుడు వాళ్లకు పిడికెడు కొర్రలు పోయాలి. ఎవరి పిడికిలి వాళ్లదే. పసిబిడ్డ తన పిడికిలితో పోసినా సరే, పహిల్వాను తన పిడికిలితో పోసినా సరే, వాళ్లు మాట అనరు. ఆ గింజలతోనే గూడెం ఎండాకాలం గంజి కాచుకునేది.

మా జేజి, అంటే మా నాయన తల్లి, ఏటా ఆ యాత్రకు పోయేది. పోయే ముందు రోజు చేటలో కొర్రలు చెరిగి, రాళ్లేరి, కొంగున ముడి వేసుకునేది. దేవుడి నైవేద్యానికి పెట్టుకున్న బియ్యాన్ని కూడా అంత శ్రద్ధగా ఏరగా నేను చూడలేదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు నేనూ ఆమె వెంట పోయాను. సగం దారిలో కాళ్లు బొబ్బలెక్కి ఏడుస్తుంటే గూడెం పెద్ద నన్ను భుజాన ఎక్కించుకుని గుడిదాకా మోశాడు. ఆయన జుట్టుకు ఇప్పనూనె వాసన ఉండేది. గూడెం పెద్ద అని ఇక మీద నేను చెప్పేది ఈయన గురించే.

ఈ కాపలా వాళ్లకు ఒక రాజు రాసిచ్చాడని చెప్పుకునేవాళ్లు. ఏ రాజని అడిగితే పాత రాజు అనేవాళ్లు. బాట పక్కన ఉండే హక్కు, పిడికెడు గింజలు చెంచులవి. యాత్రికుల ప్రాణాలు చెంచుల పూచీ. ఇంతే ఒప్పందం. దాన్ని ఒక రాగిరేకు మీద చెక్కించి ఇచ్చాడట. ఆ రేకు పెద్ద గుడిసెలో వెదురుబుట్టలో, ఎర్రగుడ్డ చుట్టి ఉండేది.

నేను అప్పుడు కర్నూలులో బి.ఏ. ఆఖరు సంవత్సరం చదువుతున్నాను. కర్నూలు ఆ రోజుల్లో ఊరిలా లేదు, తిరునాళ్లలా ఉండేది. ఆఫీసులు డేరాల్లో, గుమస్తాలు డేరాల్లో, ఫైళ్ల మీద ఎర్రదుమ్ము. ఏ హోటల్లో కూర్చున్నా ఒకటే చర్చ. కోస్తా పెద్దలు మన పెద్దలతో ఒప్పందం చేసుకున్నారు, నదుల నీళ్లలో ముందు వాటా మనది, ఇచ్చిన మాట తప్పితే ఊరుకునేది లేదు అని. అందరికంటే గట్టిగా బల్ల గుద్దేవాడు మా చిన్నాయన. ఆయన అక్కడ వకీలు. నేను ఆయన ఇంట్లోనే ఉండి చదువుకునేవాణ్ని. వెనకబడిన సీమను ముందున్నవాళ్లతో సమానంగా చూడటమే పెద్ద అన్యాయమని, పాత ఒప్పందమైనా ఒప్పందమేనని ఆయన అంటుంటే నాకు ఒళ్లు పులకరించేది. సమానత్వమన్నా ఒళ్లు పులకరించేది. ఇరవై రెండేళ్ల వయసులో ఒళ్లు పులకరించడానికి పెద్ద కారణం అక్కర్లేదు.

ఆ చిన్నాయనే ఆ ఏడు చెంచుల మీద అర్జీ పెట్టించాడు. అడవి అంచుదాకా రోడ్డు వేస్తున్నారు. బస్సు దిగే యాత్రికులకు సత్రం కట్టాలని మా తాలూకా పెద్దలు ఒక కమిటీ కట్టారు. అందులో మా నాయన కూడా ఉన్నాడు. నీళ్లూ నీడా ఉన్న చోటు ఆ రెండు బండల మధ్యే. అక్కడ ఎనిమిది గుడిసెలు అడ్డం ఉన్నాయి. అర్జీలో మాత్రం సత్రం ఊసు లేదు. స్వతంత్ర దేశంలో పౌరులందరూ చట్టం ముందు సమానులని, ఒక జాతివాళ్లు తోటి పౌరుల్ని దారిలో ఆపి గింజలు వసూలు చేయడం రాజ్యాంగానికి విరుద్ధమని ఉంది. చాలా చక్కటి తెలుగు. ఆయన విషయం చెబితే రాసింది నేనే.

నేను సత్రం కోసం రాయలేదు. నమ్మి రాశాను. అదింకా సిగ్గుచేటు అని ఇప్పుడు అనిపిస్తుంది. పుట్టుకతో వచ్చే హక్కులన్నీ పోవాలని నమ్మాను. మా ముత్తాత నుంచి మా నాయన దాకా పుట్టుకతో వచ్చిన మునసబీ, దాని కింద అనుభవిస్తున్న ఇనాం చేను నాకు ఆ నెలంతా ఒక్కసారి కూడా తట్టలేదు. వాటి కాగితాలు మా ఇనప్పెట్టెలో చల్లగా పడుకుని ఉన్నాయి. చదివి వినిపించమని వాటిని ఎవరూ అడగలేదు.

శివరాత్రికి నెల ముందు విచారణకు ఒక పెద్ద ఆఫీసరు వచ్చాడు. ఆ రోజు తాలూకా అంతా పందిరి కిందే ఉంది. రెండు పక్షాలుగా చీలి పొద్దుటి నుంచి వాదించుకున్నారు. చెంచులు లేకపోతే తన ఎముకలు కూడా ఇంటికి వచ్చేవి కావని ఒక ముసలి నేతగాడు చెప్పాడు. రాజులే పోయాక రాజులిచ్చినవి ఎందుకని ఇంకొకాయన అన్నాడు. చెంచులు ఈ అడవికి అందరికంటే ముందు వచ్చినవాళ్లని ఒకరంటే, ముందొచ్చిన వాళ్లకు సీటిచ్చే బస్సు కాదిది దేశం అని వెనుక నుంచి ఎవరో అన్నారు. జనం గొల్లున నవ్వారు. ఆ తర్వాత నేను లేచి అరగంట మాట్లాడాను. సమానత్వం గురించి నాకు తెలిసిందంతా చెప్పాను, తెలియంది కూడా చెప్పాను. చప్పట్లు కొట్టారు. చిన్నాయన కళ్లు తుడుచుకున్నాడు.

ఆఫీసరుకు కుర్చీ వేశారు, మాకు బెంచీలు. గూడెం పెద్ద, ఆయన మనుషులు నేల మీద కూర్చున్నారు. ఆఫీసరు నన్ను మీరు అన్నాడు. నాకు మూడింతల వయసున్న ఆయన్ను ఏరా అన్నాడు. సమానత్వం మీద జరుగుతున్న విచారణలో ఇది ఎవరికీ వింతగా తోచలేదు. నాకూ తోచలేదు.

నీకు హక్కుందనడానికి ఆధారమేమిటని ఆఫీసరు అడిగాడు. పెద్ద బుట్ట ముందుకు జరిపి, ఎర్రగుడ్డ విప్పి, రేకును రెండు చేతులతో పైకెత్తాడు. పందిరి సందుల్లోంచి పడిన ఎండకు అది భగ్గున మెరిసింది. అందరం ముందుకు వంగాం. జానెడు వెడల్పు, మూరెడు పొడుగు. ఒక పక్కన కన్నం, కన్నంలో కడియం. నున్నగా, అద్దంలా ఉంది. దాని మీద ఒక్క అక్షరం లేదు.

రాసింది ఏమైందని ఆఫీసరు గద్దించాడు. పెద్దకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. దాన్ని ఎంత బాగా చూసుకున్నారో అడుగుతున్నారనుకుని సంతోషంగా చెప్పడం మొదలుపెట్టాడు. ఏటా శివరాత్రికి ముందు గూడేనికి వచ్చిన కొత్తకోడలు ఆ రేకును తోముతుంది. చింతపండు, బూడిద పెట్టి, తన ముఖం అందులో కనపడేదాకా తోముతుంది. కనపడితేనే ఆమె గూడెం మనిషి అయినట్టు. ఆ ఏడు ఎవరింటా పెళ్లి జరగకపోతే కిందటేటి కోడలే తోముతుంది. తన తల్లి తోమింది, తన పెళ్లాం తోమింది, కిందటేడు మనవడి పెళ్లాం తోమింది. ఒక్క ఏడు కూడా మానలేదని చెప్పి, మెప్పు కోసం ఎదురుచూసే మనిషిలా మా అందరి వంకా చూశాడు. పందిరి అదిరిపోయేలా నవ్వారు జనం. హక్కును చింతపండుతో కడుక్కున్నారని ఆఫీసరు కూడా నవ్వాడు.

నేను నవ్వలేదు. నవ్వలేదని చెప్పుకోవడంలో గొప్పేమీ లేదు. ఎందుకంటే ఆ తర్వాత ఆఫీసరు రేకును నా చేతికే ఇచ్చాడు. మా కాలేజీలో ఒక ఉపాధ్యాయుడు మాలో కొంతమంది కుర్రాళ్లను గుళ్లకు తీసుకుపోయి శిలాశాసనాలు చదవడం నేర్పేవాడు. నాకు పాత లిపి వచ్చని తాలూకాలో అందరికీ తెలుసు, మా నాయన పదిమందికి చెప్పాడు కాబట్టి. చూసి చెప్పమన్నాడు ఆఫీసరు.

అరిగిపోయిన రాత చదవడానికి ఒక పద్ధతి ఉంది. మెత్తటి సుద్దపొడి చల్లి, అరచేత్తో పైపైన తుడవాలి. కంటికి కనపడని గీతల్లో కూడా పొడి నిలిచి, రాత తెల్లగా లేస్తుంది. ఆ పొడి చిన్న సీసాలో నా సంచిలో ఉంది. సంచి నా కాళ్ల దగ్గరే ఉంది.

నేను రేకును ఎండకు ఏటవాలుగా తిప్పాను. నడుమంతా నున్నన. కానీ కడియం కింద, వేలు దూరని సందులో, చింతపండు చేరని చోట, గీతలు ఉన్నాయి. ఒక సూర్యుడు, ఒక చంద్రుడు. వాటి కింద విల్లు బొమ్మ. దాని పక్కన చెంచులకు అనే మాట మొత్తంగా, బాట అనే మాట సగం, ఆచంద్ర అని మూడక్షరాలు. సూర్యచంద్రులు ఉన్నంతకాలం అని చెప్పే మాటకు అది మొదలు. దానధర్మాల శాసనాలు చదివిన ఎవడికైనా అది తెలుసు. నా వేలు ఆ సందు మీద ఆగింది.

"నిదానంగా సూడు సామీ," అన్నాడు పెద్ద కింద నుంచి. "నీకు తెలుస్తాది."

నేను తలెత్తాను. చిన్నాయన నా వంక చూస్తున్నాడు. ఆయన ముఖంలో బెదిరింపు ఏమీ లేదు. నమ్మకం ఉంది. వెనుక నా ప్రసంగానికి చప్పట్లు కొట్టినవాళ్లు ఉన్నారు. ఆ మూడు ముక్కలు చదివితే నా అరగంట ప్రసంగం ఏమవుతుందో నాకు తెలిసింది. ఇంత మంచి సూత్రానికి ఇంత చిన్న సందులోని గీతలు అడ్డం రావాలా అని కూడా అనిపించింది. ఈ ముక్కలతో శాసనం పూర్తవుతుందా, పూర్తి కానిదాన్ని చదివానని ఎలా చెప్పడం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. సంచి వైపు చేయి పోలేదు.

చదవడానికి వీలుగా ఏమీ లేదండీ అన్నాను.

ఆ మాటనే గుమస్తా కాగితం మీద రాశాడు. కింద సంతకం చేశాను. అది అబద్ధం కాదని ఏ కోర్టులోనైనా వాదించవచ్చు. చిన్నాయన అయితే గెలుస్తాడు కూడా. పెద్ద రేకును మళ్లీ గుడ్డలో చుట్టుకుని నాకు దండం పెట్టి వెళ్లిపోయాడు. ఎందుకు పెట్టాడో ఆ రోజు నాకు అర్థం కాలేదు. అంతసేపు కష్టపడి చూసినందుకేమో అనుకున్నాను.

ఉత్తర్వు రెండు వారాల్లో వచ్చింది. ఏ హక్కూ రుజువు కాలేదు, గింజల వసూలు నేరం, బాట అందరిదీ, గూడెంవాళ్లకు మిగతా పేదలతో సమానంగా రోడ్డు పక్కన ఇళ్ల స్థలాలు ఇస్తారు. ఆ స్థలాలు నేను చూశాను. పలుగురాళ్ల మిట్ట, చెట్టు లేదు, నీళ్లకు మైలు నడవాలి. ఇద్దరు జవాన్లు వచ్చి గుడిసెల కప్పులు విప్పించారు. గూడెంవాళ్లు ఒక్కమాట ఎదురు చెప్పకుండా వాసాలు భుజాన వేసుకుని నడిచి వచ్చారని విన్నాను. మా ఊళ్లో దాన్ని కూడా వాళ్ల అమాయకత్వమే అన్నారు.

శివరాత్రికి జేజి ఎప్పటిలాగే కొర్రలు ముడి వేసుకుని బయలుదేరింది. మరునాడు మధ్యాహ్నానికే తిరిగి వచ్చేసింది. బండల దగ్గర పొద్దెక్కేదాకా కూర్చుందట. ఎవరూ రాలేదు. మిగతావాళ్లు ఎవరి దారిన వాళ్లు గుంపులు గుంపులుగా అడవిలోకి పోయారు. ఒక పోలీసు ఆమెతో, ఇప్పుడు ఎవరి కోసమూ ఆగక్కర్లేదవ్వా, అందరూ పోవచ్చు అన్నాడట. ఆమె కొంగుముడి విప్పి, కొర్రలను అక్కడే బండ మీద పోసి వచ్చింది. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కున్నాక నన్ను పిలిచింది. నేను సెలవుకు ఇంట్లోనే ఉన్నాను.

"ఆ రేకు మీద ఏమీ ల్యాదని చెప్పింది నువ్వేనంట గదా?"

అవునన్నాను.

"నీ కంటికి ఏమీ కానరాల్యా?"

ఆమె తిట్టి ఉంటే ఎదురు చెప్పేవాణ్ని. నాకు నోటి దురుసు బాగానే ఉంది. ఆమె మామూలుగా అడిగింది, చీకట్లో సూదిలో దారం ఎక్కించమని అడిగినట్టు. నేను పెరట్లోకి పోయి నిలబడ్డాను. చాలాసేపు ఏడ్చాను. ఆ రోజు తర్వాత ఆమె బతికున్నన్నాళ్లూ నన్ను ఏదీ చదివి పెట్టమని అడగలేదు. పురాణం పుస్తకం కూడా పక్కింటి పిల్ల చేత చదివించుకునేది.

రెండు రోజుల తర్వాత రోడ్డు పక్క మిట్టకు నడిచి పోయాను. పెద్ద ఒక గుంజకు తడిక కడుతున్నాడు. నన్ను చూసి కూర్చోమని రాయి తుడిచాడు. నేను కూర్చోకుండానే, దారి పొడుగునా కూడబలుక్కున్నదంతా చెప్పేశాను. కడియం కింద గీతలు ఉన్నాయని, నేను చూశానని, చూసి లేవని చెప్పానని.

"తెల్సు సామీ. నీ యేలు ఆడ ఆగింది," అన్నాడు.

తెలిసి ఆ రోజే ఎందుకు అడగలేదన్నాను. నా గొంతులో కోపం ఉంది. తప్పు చేసినవాడికి ఎదుటివాడి మీద కోపం రావడం ఎంత తేలికో ఆ రోజు చూశాను.

ఆయన తడిక కట్టడం ఆపాడు. "ఆ రేకులో ఏముండాదో మాకు తెల్సు. మా తాతలు చెప్పినారు. నిన్ను సదవమన్నది మా కోసరం కాదప్పా. మీ కోసరం."

ఆ మాటతో నిలబడలేక వచ్చేశాను. నా ఒప్పుకోలు నాకు ఎంత బరువుగా ఉండిందంటే, రేకు ఎక్కడుందని అడగాలనే తోచలేదు. మరునాడే తాలూకా ఆఫీసుకు పోయాను. తహసీల్దారు మర్యాదస్థుడు. నేను చెప్పింది పూర్తిగా విని, ఫైలు తెప్పించి నా సంతకం నాకు చూపించాడు. ఇది మీదే గదా అన్నాడు. నాదే అన్నాను. మాట మార్చడానికి మాట చాలదని, రేకు తెచ్చి ఆయన ఎదుట సుద్దపొడి వేసి చూపిస్తే విచారణ మళ్లీ తెరిపిస్తానని చెప్పాడు. ఆయన మంచివాడే. నాకంటే మంచివాడు.

ఈ సంగతి తెలిసి చిన్నాయన కర్నూలు నుంచి వచ్చాడు. కేకలు వేయలేదు. పిల్లవాడి మనసు మెత్తన, సర్దుకుంటుందని మా నాయనతో అన్నాడు. ఒక మనిషిని కాదు చూడాల్సింది, సూత్రాన్ని చూడాలని నాకు చెప్పాడు. మరుసటి ఏడు రాజధాని హైదరాబాదుకు పోయినప్పుడు ఇదే చిన్నాయన రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఇచ్చిన మాట, పెద్దల ఒప్పందం, కాగితం మీద సంతకాలు ఉన్నాయి గదరా అని నా చేయి పట్టుకుని ఏడ్చాడు. ఆయన దుఃఖం నిజమైనదే. నేనూ ఏడ్చాను. అప్పుడు ఆయన్ను ఒక ప్రశ్న అడగాలనుకున్నాను కానీ అడగలేదు. మా ఇద్దరిలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సినవాణ్ని నేనే.

తహసీల్దారు మాట ఇచ్చాక చిన్నాయన నన్ను కర్నూలుకు తీసుకుపోయాడు. నాలుగు రోజులు అక్కడ కట్టేసినట్టు ఉంచాడు. అయిదో రోజు పొద్దున్నే మొదటి బస్సెక్కి వచ్చేశాను. ఇంటికి కూడా పోకుండా, సుద్దపొడి సీసా జేబులో వేసుకుని నేరుగా మిట్టకు నడిచాను. చాలా రోజుల తర్వాత మనసు తేలికగా ఉంది. తప్పు దిద్దుకోవచ్చు అనుకోవడం ఎంత హాయిగా ఉంటుందో!

మిట్ట మీద పొయ్యిలు చల్లగా ఉన్నాయి. ఆడవాళ్లు జుట్లు విరబోసుకుని కూర్చున్నారు. మగవాళ్ల విల్లులు తాడు విప్పి గుంజకు ఆనించి ఉన్నాయి. గూడెంలో ఎవరో పోయారని అర్థమైంది. ఇంత కాలమూ ఊట నీళ్లు తాగి బతికినవాళ్లను ఈ మిట్ట మీదికి తోలితే పోకుండా ఉంటారా అనుకున్నాను. ఎవరు పోయారని అడగలేదు. ముందు నేను తెచ్చిన మంచి మాట చెబితే కొంచెం ఊరట అనిపించి, విచారణ మళ్లీ తెరుస్తారు, రేకు ఇవ్వు తాతా అన్నాను.

రేకు లేదన్నాడు పెద్ద. పండగనాడే కొండమీదికి తీసుకుపోయి గుడిలో ఇచ్చేశారట. ఎందుకిచ్చారని దాదాపు అరిచాను.

"కావలి చేసేదానికి ఇచ్చినారు దాన్ని. కావలి ల్యాకుండా పెట్టుకుంటే దొంగతనం అయితాది గదా సామీ."

గుడివాళ్లు దాన్ని ఏం చేశారో ఆ వారంలోనే కనుక్కున్నాను. పండగ కాగానే పాత రాగి, పగిలిన చెంబులు అన్నీ మూట కట్టి కంచరివాళ్లకు వేశారు. రాత లేని రేకు కాబట్టి అదీ ఆ మూటలోనే పోయింది. కరిగించేశారు. దాన్ని తప్పనడానికి నాకు నోరు లేదు. రాత లేదని సంతకం పెట్టింది నేనే.

కానీ ఆ పొద్దు అదంతా ఇంకా తెలియదు. రేకు లేదని విని నేను రాయి మీద కూర్చున్నాను. అప్పుడు, పోయింది ఎవరు తాతా అని అడిగాను.

ఎవరో ముసలామె అన్నాడు. యాత్రకు వచ్చిన మనిషి. మొదటి రోజు సాయంత్రం గుంపు నుంచి తప్పిపోయి, నీళ్లనుకుని ఎండిన వాగులోకి దిగి బండల మీద పడింది. గుంపులో ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. తేనెకు పోయిన వీళ్ల మనిషికి ఎనిమిదో రోజు కనిపించింది. వీళ్లే మోసుకొచ్చి మట్టి చేశారు. బాటలో యాత్రికులు ఎవరు చనిపోయినా గూడేనికి మైల అట. మూడు రోజులు పొయ్యి వెలిగించరు, పది రోజులు వేటకు పోరు. తమ ఇంటి మనిషి పోతే ఎంతో అంతే. ఈ సంగతి నాకు తెలియదు. ఎందుకంటే నేను పుట్టినప్పటి నుంచి ఆ బాటలో ఎవరూ చనిపోలేదు.

ఇప్పుడు మీకు బాటతో సంబంధం లేదు గదా తాతా, మైల ఎందుకు అన్నాను.

"హక్కు వద్దన్నారు, ఇచ్చేస్తిమి. మైల వద్దని ఎవురూ చెప్పల్యా," అన్నాడు. "మేం ముందర ల్యాకపోతిమి. అందుకే పడింది ఆయమ్మ."

తప్పు తమదేనన్నట్టు తల వంచుకుని కూర్చున్నాడు. ఆ తప్పు ఎవరిదో చెప్పాలని నోరు తెరిచాను. ఏడుపే వచ్చింది. ఆయన నన్ను ఓదార్చడానికి కూడా ప్రయత్నించలేదు. నన్ను ఏడవనిచ్చి, గుడిసెలోంచి ఒక గుడ్డమూట తెచ్చాడు. ఆమె చీరకొంగు ముక్క, రెండు గాజులు, ఒక రుద్రాక్ష. ఆమె కడప వైపు మనిషని, ఊరి పేరు గుంపులో ఒకరు చెప్పారని, ఇంట్లోవాళ్లకు తెలిసిందో లేదోనని అన్నాడు. ఒక జాబు రాసిపెట్టమని అడిగాడు.

నా దగ్గర కాగితం ఉంది, విచారణ మళ్లీ తెరిపించే అర్జీకని తెచ్చింది. దాని మీద రాశాను. ఆమె ఎక్కడ పడిందో, ఏ చెట్టు కింద మట్టి చేశారో, తల ఏ దిక్కుకు పెట్టారో ఆయన చెబుతుంటే చెప్పింది చెప్పినట్టు రాశాను. ఒక్క ముక్క దాచలేదు. చివర ఎవరి పేరు పెట్టమంటావని అడిగాను. ఆయన ఆలోచించలేదు. బాట కాపలావాళ్లమని రాయమన్నాడు.

అలాగే రాశాను. వాళ్ల హక్కును ఒప్పుకుంటూ నా చేత్తో నేను రాసిన కాగితం అదొక్కటే. అది ఏ ఆఫీసుకూ పోలేదు.